వుల్వరీన్ మరిచిపోయిన ఊరు, మనం మరిచిపోయిన ఊరు

మన ఇళ్లల్లో పిల్లల బనియన్ల మీద పిడికిలి బిగించిన మనిషి బొమ్మ ఒకటి కనిపిస్తుంటుంది. వేళ్ల సందుల్లోంచి కత్తుల్లాంటి గోళ్లు పొడుచుకొస్తుంటాయి. పేరు వుల్వరీన్. పెద్దవాళ్లు 'ఇదేం రాక్షసుడురా' అంటారు. ఈ వారం వాడి చరిత్ర చెప్పుకుందాం, మనకూ అందులో పని ఉంది.

1974లో అమెరికాలో మార్వెల్ సంపాదకుడు రాయ్ థామస్‌కు ఒక ఆలోచన వచ్చింది. కెనడాలో తమ పాఠకులు బాగానే ఉన్నారు కదా, ఒక కెనడా వీరుణ్ణి పెడదామని. కథ లెన్ వీన్ రాశారు, వేషం జాన్ రొమీటా గీశారు, బొమ్మలు హెర్బ్ ట్రింప్ వేశారు. హల్క్ పత్రిక 180వ సంచిక చివరి బొమ్మలో వచ్చి, 181లో హల్క్‌తో కలబడ్డాడు. కెనడా ప్రభుత్వం పంపిన మనిషి అన్నారు, అంతే. ఊరు లేదు, అమ్మానాన్నలు లేరు, సొంత పేరూ లేదు. అప్పటికి అతను గతం మరిచినవాడు కాదు. అతని గతం ఇంకా ఎవరూ రాయలేదు.

1975లో ఎక్స్‌మెన్ జట్టులో చేరాక క్రిస్ క్లేర్‌మాంట్ చేతికి వచ్చాడు. గోళ్లు చేతి తొడుగుల్లో ఉంటాయని వీన్ అనుకున్నారు. 1976లో అవి ఒంట్లోవేనని తేలింది. మరుసటి ఏడు లోగన్ అన్న పేరు బయటపడింది. అమెరికా బొమ్మల కథల్లో వీరులు శత్రువును కొట్టేవారే గానీ చంపేవారు కారు. ఇతను 1978లో ఒక కాపలావాణ్ణి చంపితే తోటివాళ్లే నిర్ఘాంతపోయారు. 1982లో క్లేర్‌మాంట్, ఫ్రాంక్ మిల్లర్ కలిసి ఇతణ్ణి జపాన్ తీసుకెళ్లి నాలుగు సంచికల కథ చెప్పారు. తనలోని మృగానికీ మనిషికీ నడుమ నలిగేవాడిగా అక్కడ నిలబెట్టారు.

గతం సంగతి 1991లో బ్యారీ విండ్సర్ స్మిత్ ఎత్తుకున్నారు. మనిషిని తీగలతో కట్టేసి, ఎముకలకు అడమాంటియం అనే లోహం పట్టించి, మందలో పశువులా వాడుకున్న ప్రయోగం అది. ఇంచుమించు అదే సమయంలో లారీ హామా రాసిన కథలో ఇంతకన్నా గుండె జారే సంగతి ఉంది. లోగన్ తన జ్ఞాపకాలను వెతుక్కుంటూ పోయి సినిమా సెట్ల లాంటి కట్టడాలు చూస్తాడు. తాను బతికానని నమ్మిన రోజులు కొన్ని ఎవరో అట్టముక్కలతో కట్టి తన తలలో పెట్టినవే. మరిచిపోవడం ఒక బాధ. గుర్తున్నదే అబద్ధమని తెలియడం దానికి మించిన బాధ.

2000లో సినిమా ఆడాక, సినిమావాళ్లు చెప్పకముందే పుట్టుక కథ తామే చెప్పాలని మార్వెల్‌వాళ్లు 2001లో 'ఆరిజిన్' మొదలుపెట్టారు. అసలు పేరు జేమ్స్ హౌలెట్, 19వ శతాబ్దపు కెనడాలో కలవారి ఇంటి బిడ్డ. ఒంటి గాయం మానినట్టే మనసు గాయమూ మానిపోయేది, దాంతో జ్ఞాపకం చెరిగిపోయేది. 2005లో జ్ఞాపకాలన్నీ తిరిగొచ్చాయి. శాంతి మాత్రం రాలేదు. తనను ఆడించినవాళ్లను వెతుక్కుంటూ మళ్లీ బయల్దేరాడు.

ఇక మన మాట. విజయనగరం రోజుల్లో, మదురై నాయకుల రోజుల్లో దక్షిణానికి వచ్చినవాళ్ల సంతతి మనలో చాలామంది. ఇంటిపేరు మిగిలింది, ఇలవేల్పు మిగిలింది, కొంచెం యాస మిగిలింది. బయల్దేరిన ఊరు మాత్రం చాలా ఇళ్లల్లో పోయింది. ఆ ఖాళీని చూసి ఓర్చుకోలేక మనమూ సెట్లు వేస్తున్నాం. 'మనది ఫలానా రాజుగారి వంశం' అని ఒకరు వేదిక మీద అంటారు. శాసనం లేదు, పట్టా లేదు. మరుసటి ఏడు అది కరపత్రంలో అచ్చవుతుంది. ఆపై ఏడు మన పిల్లవాడు బళ్లో అదే చెబుతాడు, అడిగితే రుజువు చూపలేక తల దించుకుంటాడు. ఆ తప్పు వాడిది కాదు, మనది. ఇలాంటి మాటలకు మేమూ చప్పట్లు కొట్టినవాళ్లమే.

అందుకే ఒక మనవి. ఈ పండక్కి ఇంట్లో ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. ఇంటిపేరు, ఇలవేల్పు, వాళ్ల అవ్వాతాతలు చెప్పిన ఊరు, వాళ్లు పలికినట్టే నోటుబుక్కులో రాయండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కనే వేయండి. పాత దస్తావేజులుంటే ఫోటో తీసి పెట్టండి. తెలియని చోట ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ చూసి రేపు ఎవరో ఒక పిల్ల వెతకడం మొదలుపెడుతుంది.