తెల్లకార్డులో పెద్దమ్మ పేరు

"సూడు బిడ్డా, గీ కాయితంల నా పేరు ఉన్నదా?" అని 2010లో మా పెద్దమ్మ నన్ను అడిగింది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. పాలమూరు పల్లె నుంచి హైదరాబాదు వచ్చి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, కొంగుముడి విప్పి తెల్లకార్డు నా చేతిలో పెట్టింది. గుండె వాల్వు పాడైందని డాక్టర్లు చెప్పారు. కార్డులో ఆమె పేరు ఉంది. కానీ ఆ కార్డు, ఆమెను వదిలేసి వేరే కాపురం పెట్టిన పెదనాన్న దగ్గర ఉండేది. దాని కోసం ఆమె అతని గడప ముందు రెండు రోజులు నిలబడింది.

తర్వాత పరిశోధన కోసం స్త్రీల ఆత్మకథలు చదువుతున్నప్పుడు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆరోగ్య బీమా చరిత్రను మనకు పథకాల పేర్లుగా, లక్షల లెక్కలుగా చెప్తారు. ఆ కార్డులో స్త్రీ ఎవరిగా నమోదైంది, ఆమె బాధల్లో ఏది జబ్బుగా లెక్కకొచ్చింది అని అడిగితే అదే చరిత్ర మరోలా కనిపిస్తుంది.

స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద ఆరోగ్య బీమా 1948 నాటి ఈఎస్ఐ చట్టం. 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీలో జీతం తీసుకునే మనిషి దానికి ఆధారం. కార్మికురాలికి ప్రసూతి భత్యం ఇవ్వడం తక్కువ విషయమేమీ కాదు. కానీ నాట్లు వేసే స్త్రీ, ఇళ్ళల్లో అంట్లు తోమే స్త్రీ అందులోకి రాలేదు. చాలామంది స్త్రీలు భర్త మీద ఆధారపడిన వాళ్ళుగానే వచ్చారు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. మరుసటి ఏడాదికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించింది. ఏడాదికి కుటుంబానికి 1.5 లక్షలు, అవసరమైతే మరో 50 వేలు. జీతం ఊసు లేదు, తెల్లరేషన్ కార్డు ఉంటే చాలు. కూలి స్త్రీకి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరుచుకోవడం అదే మొదలు. అయితే బియ్యం తెచ్చుకునే కార్డే వైద్యానికీ ఆధారమయ్యేసరికి, రేషన్ కార్డు దృష్టిలో కుటుంబం అంటే ఏమిటో వైద్యంలోనూ అదే అయింది. పుట్టింటి కార్డులో పేరు తీసేసినా అత్తింటి కార్డులో ఇంకా ఎక్కని కోడలు, భర్త వదిలేసిన స్త్రీ, పెళ్ళి చేసుకోని స్త్రీ - వీళ్ళంతా ఏ ఇంటి మనుషులు?

2008లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన 30 వేల రూపాయల వైద్యాన్ని ఇంటికి ఐదుగురికే ఇచ్చింది. ఆరో మనిషి ముసలి అత్తా, ఆడపిల్లా అన్నది ఇంటి లోపల తేలే సంగతి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆ పరిమితిని తీసేసింది. ఈలోగా 2013 ఆహార భద్రతా చట్టం, 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామెనే రేషన్ కార్డుకు ఇంటి యజమానురాలిగా గుర్తించాలని చెప్పింది. కాగితం మీద ఇది పెద్ద మార్పే.

ఇక రెండో ప్రశ్న, జబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే ఖరీదైన చికిత్సల కోసం పుట్టింది. రక్తహీనత, నడుంనొప్పి, తెల్లబట్ట లాంటి వాటితో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చే స్త్రీకి తెల్లకార్డు దారి చూపలేదు. గర్భసంచి తీయించుకుంటానంటే చూపింది.

మన శరీరంలో ఈ భాగం చుట్టూ వ్యాపారం కొత్తది కాదు. 1928లో మద్రాసులో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి, స్త్రీల వ్యాధులకు 'లోధ్ర' అమ్మిన కేసరి కుటీరం యజమాని కూడా. అప్పుడు సీసాలో మందు, మన కాలానికి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దీనికి కార్డునొక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. అప్పుచేసి తీయించుకున్నవాళ్ళు దానికి ముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. కాకపోతే ప్రభుత్వ డబ్బు కూడా అదే దారిన నడిచింది. 2011లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా పథకం కింద అనవసరంగా గర్భసంచులు తీశారన్న కేసులో, మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

మా పెద్దమ్మ ఒంటిమీద రెండు కోతలున్నాయి. పొట్టమీది కోత ముప్ఫై రెండో ఏట, కార్డులు రాకముందు పడింది. తెల్లబట్ట అవుతోందని వెళ్తే "క్యాన్సర్ వస్తుంది, తీసేయాల"న్నారు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చడానికి ఆరేళ్ళు కూలికి పోయింది. ఎదమీది కోత కార్డు పుణ్యం. అది ఆమెను బతికించింది, ఒక్క రూపాయి అప్పు చేయించలేదు. ఆరోగ్యశ్రీని విమర్శించాలనుకున్న ప్రతిసారీ ఈ రెండో కోత నా కళ్ళముందుకొస్తుంది. దాన్ని మెచ్చుకుని ఊరుకుందామంటే మొదటిది ఊరుకోనివ్వదు.

2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. ఆంధ్రలో 2024లో పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. లక్షలు పెరగాల్సిందే. దాంతోపాటు, తెల్లబట్ట అవుతోందని వచ్చిన స్త్రీని కూర్చోబెట్టి, పరీక్షించి, మందు ఇచ్చి పంపే డాక్టరమ్మ మండలం దాకా రావాలి. కార్డు కోసం ఏ స్త్రీ కూడా తనను వెళ్ళగొట్టిన గడప దగ్గరికి మళ్ళీ వెళ్ళే అవసరం రాకూడదు.

పాత కార్డులో పేరు తీయాలంటే పెదనాన్న సంతకం కావాలన్నారు. పెద్దమ్మకు సొంత కార్డు రావడానికి మూడేళ్ళు పట్టింది. అది వచ్చిన రోజు కూడా నన్ను పిలిచి చదివించుకుంది. ఒకటే పేరు. రెండుసార్లు చదవమంది.