రంగు మారిస్తే కొత్త ఫైటరా? ఫైటింగ్ గేమ్స్‌లో ‘అచ్చు గుద్దిన’ క్యారెక్టర్లపై ఫ్యాన్స్ గొడవేంటి?

హుజూర్‌నగర్: ఫోన్‌లో పాత ఫైటింగ్ గేమ్ వీడియోలు చూసే వాళ్లకి, హుజూర్‌నగర్‌లో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా, ఎప్పుడో ఒకప్పుడు ఈ డౌట్ వచ్చే ఉంటుంది. నీలం డ్రెస్సు నింజా, పసుపు డ్రెస్సు నింజా కొట్టుకుంటున్నారు.. బాగానే ఉంది. కానీ ఇద్దరూ ఒకే మనిషిలా ఉన్నారేంటి? డౌట్ కరెక్టే. నిజంగానే ఒకే మనిషి.

1992లో అమెరికా కంపెనీ మిడ్‌వే ‘మోర్టల్ కాంబాట్’ గేమ్ తెచ్చింది. డేనియల్ పెసినా అనే మార్షల్ ఆర్ట్స్ నటుడికి నింజా వేషం వేసి, వీడియో తీసి, ఆ బొమ్మల్నే గేమ్‌లోకి ఎక్కించారు. పసుపు రంగేస్తే స్కార్పియన్, నీలం రంగేస్తే సబ్-జీరో. ఆకుపచ్చ వేసి దాచిపెట్టిన సీక్రెట్ ఫైటర్ రెప్టైల్. గేమ్‌లోని జానీ కేజ్ కూడా ఆయనే. 1993లో వచ్చిన రెండో భాగంలో కిటానా, మిలీనా, జేడ్ ముగ్గురికీ కాటలిన్ జామియార్ అనే ఒక్క నటే ఆధారం.

ఇలా ఎందుకు చేశారు?

అప్పట్లో ఆర్కేడ్ మెషీన్లలో మెమరీ తక్కువ, చిప్‌లు ఖరీదు. ఒక్క ఫైటర్ నిలబడటానికి, దూకడానికి, తన్నడానికి, కింద పడటానికి బోలెడన్ని బొమ్మలు కావాలి. రంగులు మాత్రం విడిగా ఓ చిన్న పట్టికలో ఉంటాయి. ఆ పట్టిక మార్చేస్తే అవే బొమ్మలు వేరే మనిషిగా కనిపిస్తాయి. దీన్నే ‘ప్యాలెట్ స్వాప్’ అంటారు. అంతకుముందే, 1987లో వచ్చిన మొదటి ‘స్ట్రీట్ ఫైటర్’లో ర్యూ, కెన్ అలాగే పుట్టారు. మొదటి ఆటగాడికి ర్యూ, పక్కన నిలబడ్డవాడికి కెన్. దెబ్బలు మాత్రం సేమ్ టు సేమ్.

మన దగ్గర పీసీలో, ప్లేస్టేషన్‌లో ‘టెక్కెన్ 3’ ఆడిన బ్యాచ్‌కి ఇది కొత్తేం కాదు. అందులో టైగర్ జాక్సన్ అంటే ఎడ్డీ గోర్డోకి ఇంకో డ్రెస్సు. పాండా అంటే కూమా ఎలుగుబంటికి ఇంకో వేషం. అప్పుడు దాన్ని పట్టించుకున్నదెవరు? బోనస్ దొరికిందని సంబరపడ్డవాళ్లే ఎక్కువ.

మరి గొడవ ఎప్పుడు మొదలవుతుంది? కొత్తదని చెప్పి డబ్బులు అడిగినప్పుడు.

దీనికి గట్టి ఉదాహరణ 2014 నాటి ‘అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4’. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ ఐదుగురు ఫైటర్లను కలుపుతామంది. నలుగురు (ఎలీనా, హ్యూగో, పాయిజన్, రొలెంటో) 2012 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్’ నుంచి వచ్చినవాళ్లే. ఐదో ఫైటర్ పేరు నెలలపాటు సస్పెన్స్‌లో పెట్టింది. తీరా మార్చిలో బయటపెడితే.. డెకాప్రీ! పాత ఫైటర్ క్యామీ శరీరానికే ముఖం మీద మాస్క్ తగిలించినట్టు ఉంది. ఫ్యాన్స్ భగ్గుమన్నారు. నెలలు ఊరించి క్యామీకి ముసుగేసి పంపుతారా అన్నది వాళ్ల కోపం.

కోపంలో న్యాయం ఉంది. అయితే ఆట చేతికొచ్చాక ఇంకో సంగతి తేలింది. క్యామీ, డెకాప్రీ ఆడే తీరు ఒకటి కాదు. డెకాప్రీ ప్రధాన దెబ్బలకు ముందు స్టిక్‌ను కాసేపు వెనక్కో, కిందికో నొక్కి పట్టాలి. క్యామీకి అలవాటుపడ్డ చేతులు డెకాప్రీతో తడబడతాయి. చూసేవాళ్లకి ఇద్దరూ ఒకే తాను ముక్కలు, ఆడేవాళ్లకి మాత్రం వేర్వేరు మనుషులు. వీడియోలు చూసే వాళ్లకీ, టోర్నమెంట్లు ఆడే వాళ్లకీ మధ్య ఈ వాదన తెగకపోవడానికి అసలు కారణం ఇదే.

‘దాన వీర శూర కర్ణ’ (1977)లో ఎన్టీఆర్ కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు.. మూడు వేషాలూ తానే వేశారు. మోసం అని ఎవరైనా అన్నారా? నడక, చూపు, మాట దేనికదే వేరు కదా. గేమర్లు అడిగేదీ అదే. వేషం సంగతి సరే, నడక మారిందా లేదా?

నింటెండో ఈ తలనొప్పికి ఓ పేరు పెట్టి దారి చూపింది. 2018లో వచ్చిన ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్’లో ఇలాంటి ఏడుగురిని ‘ఎకో ఫైటర్లు’ అని ముందే చెప్పేసింది. మార్త్, లూసినా జంటనే తీసుకోండి. కత్తి తిప్పే తీరు దాదాపు ఒకటే. మార్త్ కత్తి మొన తగిలితే దెబ్బ గట్టిగా ఉంటుంది, లూసినా కత్తి ఎక్కడ తగిలినా ఒకటే బలం. చిన్న తేడానే. కానీ మార్త్‌తో ఆడేటప్పుడు ఎంత దూరంలో నిలబడాలో లెక్క చూసుకోవాలి, లూసినాతో ఆ బెంగ లేదు. సగటు గేమర్‌కి లూసినానే తేలిక అనిపించడానికి కారణం అదే.

కాపీల వల్ల మేలు జరిగిన సందర్భాలూ లేకపోలేదు. మోర్టల్ కాంబాట్ మెషీన్ సెట్టింగ్స్‌లో ‘ఎర్మాక్స్’ అనే మాట కనిపించేది. అది సాంకేతిక లోపాలను లెక్కపెట్టే కౌంటర్ పేరు, అంతే. కుర్రాళ్లు మాత్రం ఎర్ర డ్రెస్సు నింజా ఎక్కడో దాక్కున్నాడని పుకారు పుట్టించారు. చివరికి 1995లో ‘అల్టిమేట్ మోర్టల్ కాంబాట్ 3’లో కంపెనీయే ఎర్మాక్ అనే ఎర్ర నింజాను దించింది. ఇంకో నింజా నూబ్ సైబోట్ పేరు కూడా తమాషానే. గేమ్ తయారుచేసిన ఎడ్ బూన్, జాన్ టోబయాస్‌ల ఇంటిపేర్లు తిరగేస్తే వచ్చేది అదే.

ఈ రచ్చలో ఎవరూ పెద్దగా మాట్లాడనిది ఆ వేషాలు వేసిన నటుల గురించి. తన రూపాన్ని అనుమతి దాటి వాడుకున్నారంటూ పెసినా మిడ్‌వేపై కోర్టుకెక్కారు. 1996లో ఇల్లినాయిస్‌లోని ఫెడరల్ కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. కంప్యూటర్లో అంతగా మార్చేశాక ఆ బొమ్మలో ఆయన్ని గుర్తుపట్టలేమన్నది కోర్టు మాట. మరుసటి ఏడాది జామియార్‌తో పాటు ఇంకో ఇద్దరు నటులు వేసిన కేసు కూడా ఓడిపోయింది. ఒక్క శరీరం నుంచి ఇందరు ఫైటర్లు పుట్టారు, ఆ శరీరం ఎవరిదో మాత్రం గుర్తుపట్టలేమట!

ఇక ఈ కథ మొదలైన ర్యూ, కెన్ దగ్గరికొస్తే.. ఏళ్లు గడిచేకొద్దీ ఇద్దరి దారులూ వేరయ్యాయి. 1993 నాటి ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2’లో కెన్ షోర్యూకెన్ దెబ్బకి మంటలొచ్చాయి. 2023లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’లో ర్యూ గడ్డం పెంచి, భుజాన సన్యాసిలా వస్త్రం వేసుకుని కనిపిస్తాడు. కెన్ చేయని నేరం మీద పడి, ఇల్లు వదిలి తిరుగుతుంటాడు. పక్కపక్కన నిలబెడితే ఇప్పుడు ఎవరూ పొరబడరు. షోర్యూకెన్ కొట్టడానికి స్టిక్ తిప్పే తీరు మాత్రం ఇద్దరికీ ఇప్పటికీ అదే.