ఓడ వస్తేనే పొయ్యి వెలిగిన రోజులు

1966 మార్చి 28. ప్రధానమంత్రిగా ప్రమాణం చేసి రెండు నెలలు నిండాయో లేదో, ఇందిరాగాంధీ శ్వేతసౌధంలో అడుగుపెట్టారు. ఆమెకు 48 ఏళ్లు. ఎదురుగా అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్. ఆరడుగుల మూడంగుళాలు దాటిన మనిషి. పక్కన నిలబడితే ఆవిడ మరీ చిన్నగా కనిపించారు.

ఆమె చేతిలో అర్జీ లేదు. తిండిగింజలు కావాలి, విదేశీ మారకం కావాలి, కానీ అడిగినట్టు కనపడకూడదు. రాయొద్దని షరతు పెట్టి మరీ ఒక విలేకరితో ఆమె చెప్పుకున్న సంగతి ఇదే.

ఇంటి పరిస్థితి అలా ఉంది. 1965లో వానలు ముఖం చాటేశాయి. అంతకుముందు ఏడాది 8.9 కోట్ల టన్నులు పండిన తిండిగింజలు 7.2 కోట్ల టన్నులకు పడిపోయాయి. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద, డాలర్లు అక్కర్లేకుండా రూపాయలకే అమ్మే గోధుమలే దిక్కు. ఓడ రేవుకు చేరితేనే రేషన్ షాపు తలుపు తెరుచుకునేది.

మన తెలుగునాట 1960లలో బడికి వెళ్లినవాళ్లను అడిగి చూడండి. అమెరికా సాయంగా వచ్చిన సరుకుతో మధ్యాహ్నం పెట్టిన ఉప్మా, గ్లాసుల్లో పోసిన పొడిపాలు గుర్తుచేస్తారు.

అంతకుముందు రెండేళ్ల పైచిలుకులో ఇరుదేశాల్లోనూ పెద్దలు మారిపోయారు. 1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనడీని కాల్చి చంపారు. ఆ కుర్చీలోకి జాన్సన్ వచ్చారు. 1964 మే 27న నెహ్రూ కన్నుమూశారు. లాల్ బహదూర్ శాస్త్రిని వాషింగ్టన్‌కు పిలిచిన జాన్సన్, 1965 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి ఆ పర్యటనను వాయిదా వేశారు. పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌కూ అదే కబురు. పొరుగుదేశంతో ఒకే గాటన కట్టి, పిలిచిన చుట్టాన్ని రావద్దనడం శాస్త్రి మనసుకు తగిలింది. సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. అమెరికా ఇరుదేశాలకూ సాయం ఆపింది. గోధుమల్ని మాత్రం కొద్దికొద్దిగా, గడువు పెట్టి విడుదల చేయసాగింది. సోమవారం రాత్రి భోజనం మానుకోమని శాస్త్రి దేశాన్ని కోరారు. లక్షల ఇళ్లు ఆ మాట విన్నాయి.

1966 జనవరి 11 తెల్లవారేసరికి తాష్కెంట్ నుంచి ఆయన మరణవార్త వచ్చింది. ఎనిమిది రోజులకే కాంగ్రెస్ ఎంపీలు మొరార్జీ దేశాయ్‌ని కాదని 355 ఓట్లతో ఇందిరను ఎన్నుకున్నారు. అమెరికాకు ఇది కొత్త అధ్యాయంలా తోచింది. ఢిల్లీకీ అలాగే తోచింది.

మార్చి పర్యటనలో ఆవిడను ఎలా సంబోధించాలన్న సందేహం అమెరికన్లకు వచ్చింది. మన రాయబారి బి.కె. నెహ్రూను అడిగారు. ఎలా పిలిచినా ఫరవాలేదు, మా మంత్రులు చాలామంది నన్ను ‘సర్’ అనే అంటారని చెప్పమని ఆమె కబురు పంపారట. ఆ జవాబులోని ధీమా నాకు నచ్చుతుంది. కడుపు కోసం వెళ్లిన దేశం తరఫున మాట్లాడుతున్నా, తల దించిన మాట కాదది.

ఆ పర్యటనలోనే ఒక సాయంత్రం. రాయబారి ఇంట్లో ప్రధాని గౌరవార్థం విందు. ముఖ్య అతిథి ఉపాధ్యక్షుడు హంఫ్రీ. విందుకు ముందు కాసేపు పలకరించి పోవడానికని జాన్సన్ వచ్చారు. అధ్యక్షుడు రాయబారుల ఇళ్లలో భోంచేయడం అక్కడి మర్యాద కాదు. ఆయనేమో కదలడం లేదు. ఇందిరతో మాటల్లో పడిపోయారు. భోజనానికి పిలిచిన అతిథులు ఒక్కొక్కరే వస్తున్నారు. కుర్చీలు లెక్కపెట్టి వేసిన బల్ల లోపల సిద్ధంగా ఉంది. ఉండమంటే సంప్రదాయం ఒప్పుకోదు, వెళ్లిరమ్మనడానికి నోరు రాదు. చివరికి రాయబారి మొహమాటంగానే, భోంచేసి వెళ్లమని అడిగారు. జాన్సన్ వెంటనే సరేనన్నారు. అప్పటికప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో అంతా మార్చారు. ఈ అమ్మాయికి ఏ కష్టమూ రాకుండా చూసుకోవాలని ఆ తర్వాత ఆయన అన్నట్టు చెబుతారు.

మార్చి 30న అమెరికా కాంగ్రెస్‌కు జాన్సన్ ప్రత్యేక సందేశం పంపారు. అప్పటికే ఒప్పుకున్న 65 లక్షల టన్నులకు తోడు, భారత్‌కు మరో 35 లక్షల టన్నుల ఆహారం పంపాలన్నారు. ఏప్రిల్ 19కల్లా తీర్మానం ఆమోదం పొందింది. అడగకుండానే దక్కినట్టుంది కదా! కానీ దాని ఖరీదు తర్వాత తెలిసింది.

జూన్ 6న రూపాయి విలువ తగ్గింది. 4 రూపాయల 76 పైసలున్న డాలరు ఏడున్నర రూపాయలైంది. ప్రపంచబ్యాంకు, అమెరికాల ఒత్తిడికి లొంగిపోయారని దేశమంతా గగ్గోలు. ఇందిరను గద్దెనెక్కించిన కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజే మండిపడ్డారు. ఎన్నికలు ఏడాదిలోపే ఉన్నాయి. జులైలో ఇందిర మాస్కో వెళ్లారు. వియత్నాం మీద బాంబుదాడులు ఆపాలన్న సంయుక్త ప్రకటనపై సంతకం పడింది.

జాన్సన్ భగ్గుమన్నారు. ఐరాస ప్రధాన కార్యదర్శి ఊథాంట్, పోప్ చెబుతున్నదే కదా భారత్ కూడా చెప్పిందని మనవాళ్లు సర్దిచెప్పబోతే, వాళ్లకు మా గోధుమలు అక్కర్లేదుగా అన్న జవాబు వచ్చిందని ఆనాటి దౌత్యవర్గాల్లో ప్రచారం. అడిగేవాడికి అభిప్రాయం ఉండకూడదన్నదే దాని అర్థం.

ఆగస్టు నుంచి కొత్త గోధుమల కేటాయింపు ఆగింది. భారత్‌లో ఎక్కడ వాన పడిందో, ఏ ఓడ ఎక్కడుందో జాన్సన్ స్వయంగా ఆరా తీసేవారు. రెండో ఏడూ వానల్లేక బీహార్ ఎండిపోతోంది. ఢిల్లీలో అధికారులు ఓడల రాకకు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఏడాది చివర్లో గానీ పట్టు సడలలేదు.

ఆ కాలంలోనే జాన్సన్‌తో ఇందిర ఫోన్లో మాట్లాడటం ఆమె సలహాదారు శారదాప్రసాద్ చూశారు. గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. పిడికిలి మాత్రం బిగుసుకుపోయింది. ఫోన్ పెట్టేశాక, ఇంకెప్పుడూ తిండికోసం చేయి చాచే గతి మనకు రాకూడదని కోపంగా అన్నారట.

ఒక్కటి ఒప్పుకోవాలి. అమెరికా రైతులు పండించిన ఆ గింజలు లక్షల ప్రాణాలు నిలబెట్టాయి. ఒక ఏడు అక్కడి గోధుమ పంటలో దాదాపు ఐదోవంతు మనకే వచ్చింది. వ్యవసాయాన్ని నిర్లక్ష్యం చేయకండని వాళ్లు పెట్టిన పోరులోనూ న్యాయం ఉంది. ఆ మేరకు 1965 నవంబరులోనే రోమ్‌లో మన ఆహారమంత్రి సి. సుబ్రమణ్యం, అమెరికా వ్యవసాయమంత్రి ఫ్రీమన్ ఒప్పందం చేసుకున్నారు. కానీ బీహార్ పల్లెలో ఖాళీ కుండ ముందు కూర్చున్న తల్లికీ వియత్నాం ప్రకటనకూ ముడిపెట్టడం క్షమించరాని పని. ఆ విందులో నవ్వుతూ భోంచేసినంత మాత్రాన ఆ పని ఆగలేదు.

ఆపింది మన పొలమే. 1966లో మెక్సికో నుంచి ఎక్కువ దిగుబడినిచ్చే పొట్టి గోధుమ విత్తనాలు 18,000 టన్నులు తెప్పించారు. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో ఐఆర్-8 అనే కొత్త వరి వేశారు. 1967–68లో దేశం మొత్తం మీద తిండిగింజల దిగుబడి 9.5 కోట్ల టన్నులు దాటింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చి, నిక్సన్ ప్రభుత్వంతో సంబంధాలు పూర్తిగా చెడినప్పుడు, ఢిల్లీ మీద విసరడానికి వాషింగ్టన్ చేతిలో గోధుమల ఆయుధం లేదు.

ఆనాటి ఉత్తరాలు, టెలిగ్రాములు, ఫోన్ సంభాషణల నోట్లు టెక్సాస్‌లోని జాన్సన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడినవాళ్ల మాటలే ఎక్కడా సరిగ్గా నమోదు కాలేదు. వాళ్లిప్పుడు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.