బస్తాకింత: గోదావరి కాలువల వెంట హమాలీ రేట్ల ఒప్పందాలు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాలో వరి సాగు పెరిగింది. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకు వచ్చే కాలువలో ధాన్యం పడవల మీద కదిలేది. 1900లో గోదావరిపై రైలు వంతెన తెరుచుకున్నాక చాలా సరుకు వ్యాగన్లకు, ఆ తర్వాత లారీలకు మళ్లింది. బండి మారినా బస్తా ఎత్తి దించింది మాత్రం హమాలీ ముఠాలే.

ముఠాకు ఒక మేస్త్రి ఉంటాడు. కాటా వేయడం, లారీకి ఎక్కించడం, గోదాములో నెట్టు కట్టడం, ఇలా పనిని బట్టి బస్తాకింత అని రేటు. వచ్చిన డబ్బు ముఠాలో వాళ్లు పంచుకుంటారు. పొద్దున రైసు మిల్లులో దిగిన ముఠా మధ్యాహ్నానికి ఉల్లిపాయల కొట్టులో ఉండొచ్చు. అలాంటప్పుడు యజమాని ఎవరు? చట్టానికి కొరుకుడు పడనిది ఇదే.

ఏలూరు జూట్ మిల్లు కార్మికుడికి ఈ చిక్కు ఉండేది కాదు. గేటు ఒకటే, హాజరు పట్టీ ఒకటే. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం అలాంటి వాళ్లను చూసి రాసిందే: కార్మిక శాఖ అధికారి ఎదుట కుదిరిన ఒప్పందం అందరికీ వర్తించేది. గోనెసంచి నేసినవాడికి దక్కిన ఆ వెసులుబాటు అదే సంచిని మోసినవాడికి సులువుగా అందలేదు.

హమాలీలు 1926 ట్రేడ్ యూనియన్ల చట్టాన్ని ఆసరా చేసుకున్నారు. ఏడుగురు సభ్యులుంటే సంఘం నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చనేది ఆ చట్టం మొదట పెట్టిన నియమం. ఒక్కో కొట్టుతో విడివిడిగా కాక, వర్తక సంఘంతో ఊరంతటికీ ఒకే రేట్ల పట్టిక కుదుర్చుకోవడం వాడుకైంది. గడువు తీరి కొత్త రేట్లు తేలకపోతే పని ఆగుతుంది, బజారులో లారీలు బారులు తీరుతాయి. పంతం ముదిరితే కార్మిక శాఖ మధ్యవర్తిత్వం చేస్తుంది. 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల ఉపాధి, సంక్షేమం కోసం ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టమే వచ్చింది. అయినా సంక్షేమ బోర్డు కావాలన్న కోరిక సంఘాల పత్రాల్లోంచి పోలేదు.

బేరం కూలికే పరిమితం కాదు, బరువుకూ సంబంధించింది. డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 నాటి సిఫార్సు ప్రకారం మగవాడు మోయదగిన గరిష్ఠ బరువు 55 కిలోలు. అదే ఏడాది బరువుల మీద వచ్చిన ఒడంబడికను భారత్ 2010లో ఆమోదించింది. రేషన్ బియ్యం ఇప్పుడు 50 కిలోల సంచుల్లో వస్తోంది. నడుముకు ఇది మేలే; కానీ కూలి బస్తా లెక్కన కనుక, చిన్న బస్తాకు రేటెంత అన్నది మళ్లీ బేరానికే వస్తుంది.

సమష్టి బేరానికి మూలమైన, అదే సంస్థ 1949 నాటి 98వ ఒడంబడికను భారత్ నేటికీ ఆమోదించలేదు. గ్రామీణ కార్మికుల సంఘాల గురించిన 141వ ఒడంబడికను మాత్రం 1977లోనే ఆమోదించింది. కూలికి పోయేవాళ్లే కాక సొంత పని చేసుకునేవాళ్లూ సంఘం పెట్టుకోవచ్చని అది చెబుతుంది. కొల్లేరు చుట్టూ, కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో చేపలు పట్టి, ఐసు వేసి లారీలకు ఎక్కించే కూలీలకు దీని అవసరం ఎక్కువ. అక్కడ పట్టుబడి ఒక చెరువులో ముగిసి మరో చెరువుకు మారుతుంది, కౌలుదారూ మారతాడు. రేటు చాలావరకు గట్టు మీద నోటిమాటగానే తేలుతుంది.