సట్లెజ్ లోయ పిట్ట: నూట ముప్పై తొమ్మిదేళ్ల సందేహం

చలికాలంలో తెలుగు నేల పొదల్లోకి వలస వచ్చే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్‌కు పెద్దముక్కు రీడ్ వార్బ్లర్ దగ్గరి చుట్టం. రెండూ మట్టిరంగు పిట్టలే. రెండోదాని ముక్కు కాస్త పొడవు, రెక్క కాస్త పొట్టి, గోళ్లు కాస్త పెద్దవి. ఈ ‘కాస్త’ను పట్టించుకోకపోవడం వల్లే ఒక జాతి నూరేళ్లకు పైగా లేనట్టే అయిపోయింది. 1867లో సట్లెజ్ లోయలోని రాంపూర్ దగ్గర ఆ పిట్టను సేకరించినవాడు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. తర్వాత కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్నదీ ఆయనే. దాన్ని ఆయన కొత్త జాతిగా ప్రకటించాడు. కానీ 2006 దాకా పండితుల లెక్కలో ఉన్నది ఆ ఒక్క నమూనాయే.

ఒక్క పిట్టను చూసి జాతిని ఒప్పుకోవడం తొందరపాటు అన్నవారి మాటలో న్యాయం ఉంది. ఒకే జాతిలోనూ ముక్కు పొడవు మారుతుంది. అది తెలిసిన జాతుల్లోనే ఒక వింత పిట్ట కావచ్చు, సంకరం కూడా కావచ్చు. 2002లో శాస్త్రవేత్తలు స్టాఫాన్ బెన్ష్, డేవిడ్ పియర్సన్ భద్రపరచిన ఆ పిట్ట పాత చర్మం నుంచి తల్లి తరఫున సంక్రమించే డీఎన్ఏను పరీక్షించారు. సంకరమే అయితే అందులో తల్లి జాతి బయటపడాలి. కానీ అది తెలిసిన ఏ జాతితోనూ సరిపోలలేదు.

అయితే ఈ ఘనత డీఎన్ఏ పరీక్షదే కదా అనవచ్చు. తర్వాత జరిగింది చూస్తే అలా అనిపించదు. 2006 మార్చిలో థాయ్‌లాండ్‌లో పక్షి పరిశోధకుడు ఫిలిప్ రౌండ్, తన వలలో పడిన ఒక పిట్ట కొలతలు చూసి, అది పెద్దముక్కు పిట్టేనేమోనని అనుమానించాడు. డీఎన్ఏ ఆ అనుమానాన్ని నిజం చేసింది. కొద్దికాలానికే ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో, బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ల మధ్య, 1869లో భారతదేశంలో సేకరించిన మరో పెద్దముక్కు పిట్ట దొరికింది. 2008 నాటికి మ్యూజియం నమూనాల్లో పది కొత్తవి తేలాయి. వేసవిలో సేకరించిన నమూనాలు, అవి గూళ్లు కట్టేది మధ్య ఆసియాలో కావచ్చని సూచించాయి. ఆ తర్వాత అఫ్గానిస్థాన్‌లోని వఖాన్ లోయలో అవి గూళ్లు కట్టే చోటు వెలుగులోకి వచ్చింది. అంటే, ఎవరికీ దొరకలేదనుకున్న కాలమంతా ఆ పిట్టలు మ్యూజియం సొరుగుల్లోనే, వేరే పేరుతో ఉన్నాయి. వాటిని బయటికి తెచ్చింది శ్రద్ధగా పోల్చిన చూపు.

పక్షులను చంపి భద్రపరచడం క్రూరం కాదా అన్న ప్రశ్నను కాదనలేను. ఈనాడు వలవేసి, కొలిచి, ఈక తీసుకుని వదిలే పద్ధతి ఉంది, అదే అనుసరించాలి. అందుకే ఇప్పటికే ఉన్న చర్మాలనూ, వాటి చీటీలనూ కాపాడే బాధ్యత మరింత పెద్దది. ఒక జాతిని అరుదైనదని తేల్చే ముందు, దాని చుట్టాల పేరుతో ఉన్న నమూనాలను మళ్లీ కొలిచి చూడాలి.