కొమ్మ దిగిన పచ్చపాము

న్యూగినీ అడవుల్లో ఒక పచ్చని కొండచిలువ ఉంది. పగలంతా అడ్డకొమ్మ మీద చుట్టలు చుట్టుకుని, వాటి నడుమ తల ఆనించి పడుకుంటుంది. పుట్టినప్పుడు పసుపుగానో ఎర్రగానో ఉండి, పెరిగేకొద్దీ ఆకుల్లో కలిసిపోయే రంగు తెచ్చుకుంటుంది. శత్రువు కంటపడకుండా కాపాడిన ఆ అందమే, మనిషి చూశాక దాని ప్రాణానికి ఎసరు పెట్టింది.

అద్దాల పెట్టెలో అడ్డంగా ఓ కర్ర, పైన ఓ దీపం, లోపల ఆ పాము. ఈ మోజు ప్రపంచమంతా పాకింది. ఫారాల్లో పుట్టించి అమ్ముతున్నామని వ్యాపారులు చెప్పారు, కొన్నవాళ్లు నమ్మారు. 2011లో లయన్స్, నటుష్ అనే పరిశోధకులు అసలు సంగతి బయటపెట్టారు. ఇండోనేషియా నుంచి ఫారంలో పుట్టినట్టు కాగితాలతో అప్పట్లో వెళ్లిన ఈ పాముల్లో కనీసం 80 శాతం అడవిలో పట్టినవే. ఏటా 5,337కు తగ్గకుండా!

పట్టుకున్నాక మిగిలేది ప్రయాణం. గుడ్డసంచిలో కట్టి, పెట్టె అడుగున బట్టల కింద కుక్కుతారు. నీళ్లుండవు, గాలి అంతంతమాత్రం. చెట్టుపాములను అలా దాచి తెచ్చే దారుల్లో బ్యాంకాక్ విమానాలది పెద్ద పాత్ర. 2024 నవంబరు చివర్లో మన శంషాబాద్ విమానాశ్రయంలోనే, బ్యాంకాక్ నుంచి దిగిన ఇద్దరు మహిళల సామాన్లలో కస్టమ్స్ వాళ్లకు పాములు దొరికాయి. 2025 జూన్‌లో ముంబైలో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక్క ప్రయాణికుడి దగ్గర 44 ఇండోనేషియా పిట్ వైపర్లు పట్టుబడ్డాయి. అవి కూడా కొమ్మల మీద బతికేవే. ఇలాంటివాటిని ఎక్కిన దేశానికే తిప్పి పంపడం రివాజు. కానీ ఇండోనేషియా పాముకు థాయ్‌లాండ్ సొంత ఊరెలా అవుతుంది?

తనిఖీ దాటి ఇంటికి చేరినదాని గతీ మెరుగేం కాదు. వానలతో తడిసే అడవిలో పుట్టిన ప్రాణి అది. మన ఏప్రిల్, మే నెలల పొడిగాలికి కుబుసం సగంలోనే ఆగిపోతుంది, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ఒంటరిగా, కదలకుండా ఉండే జీవి కనుక బాధపడుతున్నా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే గుండె తరుక్కుపోయేది ఇక్కడే.

2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ఇలాంటి విదేశీ జీవులను పెంచేవారు నమోదు చేసుకోవాలంటోంది. నమోదు వల్ల లెక్క తేలుతుంది గానీ అడవి నిండదు. చెట్టుపాము మీద నిజంగా ప్రేముంటే మన తోటల్లో ఆకుల మధ్య తిరిగే పసిరిక పామును దూరం నుంచి చూడండి. ఫోన్‌లో ఎవరైనా పచ్చపాము బొమ్మ పంపి కొంటారా అంటే, ధర అడగకండి. అటవీ శాఖకు చెప్పండి.