పెరటి మిరప చెప్పే చరిత్ర

మిరప మన మన్యంలో పుట్టినది కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో దేశానికొచ్చి, తర్వాత కొండలెక్కి మన పెరళ్లకు చేరింది.

1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకు అడ్డంకులు పెరిగాయి. పెరడు మాత్రం మన చేతిలోనే మిగిలింది. అక్కడ మొక్క వాడితే మన పెద్దలు ఆకు తిప్పి, మట్టి తవ్వి చూసేవారు.

నేటి వ్యవసాయ శాస్త్రమూ అలాగే చూడమంటుంది. మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ముదురాకులు ముందుగా పసుపుబారితే చాలాసార్లు నత్రజని లోపమే. నేల తడిగా ఉన్నా మొక్క వాడితే వేరుకుళ్లును అనుమానించాలి.

యువతకు మా మాట ఒక్కటే. మందు కొనేముందు ఆకు తిప్పి చూడండి. ఈ తెగుళ్లకు మన భాషలో ఉన్న పేర్లను అవ్వలను అడిగి రాసుకోండి. రాసిపెట్టకపోతే అవి అవ్వలతోనే పోతాయి.